మొహమాటానికి మైలేజీ రాదు

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఒక టీ కొట్టు దగ్గర నిలబడి "లక్షన్నరలో సెకండ్ హ్యాండ్ కారు చూడాలి" అని ఒక్క మాట అనండి. సాయంత్రానికల్లా మీ ఫోన్‌లో ఆల్టోలు, శాంత్రోలు, ఇండికాలు, వ్యాగనార్లు వరసగా వచ్చి పడతాయి. ప్రతి బండీ సింగిల్ ఓనరే. ప్రతి బండీ డాక్టరు గారు వాడిందే, లేదంటే టీచరు గారు ఆదివారం పూట మాత్రమే బయటికి తీసిందే. మన జిల్లాలో ఇంతమంది డాక్టర్లు ఉన్నారని ఆ సాయంత్రం దాకా మనకు తెలియదు.

బండి మంచిదో కాదో చెప్పేవాళ్లకు కరువు లేదు. ఏళ్ల తరబడి ఇంజన్లు దించి ఎక్కించిన మెకానిక్ పావుగంటలో చెప్పేస్తాడు. ఆ మాట విన్నాక "వద్దులెండి" అని లేచి వచ్చే మనిషే దొరకడు. పాత కారు కొని చేతులు కాల్చుకున్నవాళ్లను ఎవరినైనా కదిలించి చూడండి. చాలామందికి లోపం ముందే కనిపించి ఉంటుంది. కనిపించినా కొన్నారు. ఎందుకు కొన్నావయ్యా అంటే మొహమాటమో, తొందరో, పంతమో బయటపడుతుంది. ఈ మూడింటినీ ఏ మెకానిక్కూ బాగు చేయలేడు, మనమే చూసుకోవాలి.

తోడల్లుడి కారు

పంతం సంగతి ముందు తేల్చేద్దాం, పల్నాటివాళ్లకు అది దగ్గరి చుట్టం కాబట్టి. కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల ఐదు రోజుల్లో ఒక రోజు పేరే కోడిపోరు. ఒక్క కోడిపందెం పల్నాటి యుద్ధం దాకా తీసుకెళ్లిందని ఏటా గుర్తు చేసుకుంటూనే ఉంటాం. అయినా తోడల్లుడు స్విఫ్ట్ డీజిల్ కొన్నాడంటే వారం తిరక్కుండా మనకూ స్విఫ్ట్ డీజిలే కావాలి. ఆయన పిడుగురాళ్ల సున్నం వ్యాపారం మీద రోజూ వంద కిలోమీటర్లు తిరిగే మనిషి. మన కారు నెలకోసారి అత్తగారింటికి, మధ్యలో ఒకటి రెండుసార్లు గుంటూరు ఆసుపత్రికి, శివరాత్రికి కోటప్పకొండకు వెళ్తుంది.

ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. పెట్రోల్ లీటరు 110, డీజిల్ 97 రూపాయలు అనుకుందాం. పాత పెట్రోల్ కారు లీటరుకు 15 కిలోమీటర్లు, పాత డీజిల్ కారు 20 కిలోమీటర్లు ఇస్తే డీజిల్ మీద కిలోమీటరుకు మిగిలేది దాదాపు రెండున్నర రూపాయలు. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో అది ఏడాదికి 15 వేలు. పాత డీజిల్ బండికి ఇంజెక్టరో టర్బోనో ఒక్కసారి పని పెట్టిందంటే రెండేళ్ల మిగులు ఒక్క పూటలో షెడ్డు పాలు. నెలకు రెండు వేల కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లు డీజిల్ జోలికి వెళ్లొచ్చు. మిగతావాళ్లు పెట్రోల్ దగ్గరే ఆగిపోవడం మంచిది, తోడల్లుడు ఏమనుకున్నా సరే.

రెండో లెక్క ఇంకా చిన్నది, కానీ ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చేతిలో లక్షన్నర ఉంటే లక్షన్నర కారు చూడకండి. లక్షా పది వేల కారు చూడండి. మిగిలిన 40 వేలు కారులో భాగమే. పాత కారు ఇంటికి రాగానే నాలుగు టైర్లు, బ్యాటరీ, ఆయిలు, బెల్టులు, బ్రేకులు, పేరు మార్పిడి, ఇన్సూరెన్సు అంటూ నోరు తెరుస్తుంది. కనీసంగా ఉండాల్సిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకే 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416 రూపాయలు, ఆపైన జీఎస్టీ. ఆ 40 వేలు పక్కన పెట్టుకోనివాడు లక్షన్నర కారును టైర్లు మార్చకుండానే తిప్పుతాడు. తర్వాతి కథ మీకు తెలుసు.

సంతకు రాని బండి

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల సంత మీద ఒక వ్యాసం అచ్చు వేయించాడు. అంతకు ముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. వ్యాసంలోని సారాన్ని మన రచ్చబండ మీద చెప్పుకుంటే ఇలా ఉంటుంది. బండి గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మంచి బండికీ చచ్చు బండికీ ఒకే మధ్యరకం రేటు అడుగుతాడు. ఆ రేటుకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. చచ్చు బండి ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. చివరికి సంతలో చచ్చు బండ్లే మిగులుతాయి.

దీన్నిబట్టి మనం చేయాల్సిన పని ఒకటుంది. మంచి కారు బ్రోకర్ ఫోన్‌లోకి రాకముందే దాని ఇంటికి వెళ్లాలి. రిటైరై కళ్లు సరిగా కనిపించక డ్రైవింగ్ మానేసిన పెద్దాయన ఉంటారు. పిల్లలు అమెరికా వెళ్లిపోతే కారు తీసేవాళ్లు లేక రేకుల షెడ్డులో కవరు కప్పి ఉంచిన ఇల్లు నరసరావుపేట, సత్తెనపల్లి వైపు వీధికొకటి ఉంటుంది. కొత్త కారు బుక్ చేసి, డెలివరీ రోజు లోపు పాతది వదిలించుకోవాలనుకునే ఉద్యోగి ఉంటాడు. వీళ్లెవరూ ప్రకటన ఇవ్వరు. నెల రోజులు ముందు నుంచీ నలుగురికీ చెప్పి ఉంచితే కబురు దానంతటదే వస్తుంది. మిర్చి రేటు పలికిన ఏడాది కొత్త కార్లు దిగుతాయి, పాతవి బయటికి వస్తాయి. రేటు పడిపోయిన ఏడాది అప్పు వాయిదా కోసం అమ్మేవాళ్లు ఉంటారు. ఆ రెండో రకం వాళ్ల దగ్గర గీచి గీచి బేరమాడటం నాకైతే నచ్చదు. మీ ఇష్టం.

కవరు కప్పిన కారును చూసి మురిసిపోకండి. నిలబడిపోయిన బండికి దాని రోగాలు దానికుంటాయి. టైర్లు పగుళ్లిస్తాయి, బ్రేకులు పట్టేస్తాయి, వైరింగు ఎలుకల పాలవుతుంది. "పదేళ్లలో 18 వేలే తిరిగింది" అన్న మాట వినడానికి బాగుంటుంది, బానెట్ ఎత్తి చూశాకే నమ్మాలి.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. తెలియనివాడి దగ్గర కొంటే గుట్టు తెలియదు గానీ నోరు పెగులుతుంది. తెలిసినవాళ్ల దగ్గర గుట్టు తెలుస్తుంది గానీ నోరు పెగలదు. వరండాలో కుర్చీ వేసి, మజ్జిగ చేతికిచ్చి, "నీ దగ్గర దాపరికం ఏముందిరా అబ్బాయ్, మనలో మనకు బేరాలా" అని బాబాయ్ వరసాయన అన్నాక, క్లచ్ జారుతోందని ఏ నోటితో అంటాం?

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, అతని కూలి ముందే ఇచ్చేయండి. వెయ్యి అడిగితే వెయ్యీ ఇవ్వండి. "బండి కొన్నా నీకు ఇంతే, కొనకపోయినా ఇంతే" అని బయలుదేరే ముందే చెప్పండి. అమ్మేవాడి దగ్గర కమీషన్ తీసుకునే మెకానిక్కు బండిలో లోపం కనిపించదు, అతని తప్పేమీ లేదు, కళ్లకు కూలి ఇచ్చేది వేరేవాళ్లు. మీరు కూలి ఇస్తే కళ్లు మీవి. మరో లాభం కూడా ఉంది. రేపు వద్దనుకున్నప్పుడు "బండి బాగానే ఉంది బాబాయ్, మా మెకానిక్ ఒప్పుకోవడం లేదు" అనొచ్చు. చుట్టరికం చెడదు, డబ్బు పోదు. మొహమాటాన్ని ఒక్కసారిగా చంపుకోమని పుస్తకాలు చెబుతాయి. పల్నాడులో పుట్టి పెరిగినవాడికి అది అయ్యే పని కాదు. దాని బరువు మోయడానికి మధ్యలో ఇంకో మనిషిని పెట్టుకోవడం తేలిక.

కొండెక్కించి చూడండి

మన తాతలు ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్లు చూసేవాళ్లు. సుడులు చూసేవాళ్లు, నడిపించేవాళ్లు, కాడి కట్టి బరువు లాగించి గానీ బయానా ఇచ్చేవాళ్లు కాదు. అమ్మేవాడు దాన్ని అవమానంగా తీసుకునేవాడూ కాదు. వాళ్ల మనవలం వాట్సాప్ ఫొటో చూసి బయానా కొడుతున్నాం.

పొద్దున్నే వెళ్లండి, చెప్పిన టైముకు అరగంట ముందే. దిగగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజన్ దాని కష్టమంతా మొదటి అర నిమిషంలో చెప్పేస్తుంది. సైలెన్సర్ వైపు ఒక మనిషిని నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. చలి పోయాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి వెళ్తున్నాయి. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల తెల్లటి జిడ్డు కనిపించినా అదే అనుమానం. ఇంజన్ నడుస్తుండగా ఆ మూత తీసిన చోటి నుంచి పొగ గుప్పుమని కొడుతుంటే బోరుకొచ్చినట్టే, ఇక బేరం మాట్లాడాల్సిన పని లేదు.

ఆ తర్వాత బండి ఎక్కండి. నరసరావుపేట చుట్టుపక్కల కొనేవాళ్లకు దేవుడిచ్చిన టెస్టింగ్ ట్రాక్ కోటప్పకొండ ఘాట్ రోడ్డు. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, సెకండ్ గేర్‌లో ఎక్కించండి. ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకు లాగడం లేదంటే క్లచ్ ప్లేట్ అయిపోయింది. టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను ఉంచండి. పైన పార్కింగ్‌లో ఏసీ ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెట్టి, ఫ్యాను తిరుగుతోందా, ముల్లు కదలకుండా ఉందా చూడండి. కిందికి వంగి బండి అడుగు చూడండి. ఏసీ నీళ్లు కారడం మామూలే. రంగు నీళ్లో, ఆయిలో కారితే మెకానిక్‌ను పిలవండి. దిగేటప్పుడు బ్రేకు కొడితే బండి ఒక పక్కకు లాగకూడదు, గేర్ దానంతటది జారి బయటికి రాకూడదు. మ్యూజిక్ సిస్టం ఆపేయండి. అమ్మేవాళ్లు ట్రయల్‌లో పాటలు పెడతారు, అది వాళ్ల కళాపోషణ అనుకోకండి, బేరింగ్ సౌండ్ మీకు వినబడకుండా పెడతారు. కొండ దిగాక త్రికోటేశ్వరుడికి దండం పెట్టుకోండి, డబ్బు మాత్రం అప్పుడే తీయకండి.

మాచర్ల, గురజాల వైపు వాళ్లకు వేరే పరీక్ష ఉంది. ఎండాకాలంలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి అంటూ రెంటచింతల పేరు పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. డిసెంబరులో ఏసీ చల్లగా ఉందని చెప్పడానికి ఏసీ ఉండక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం రెండింటికి, బండి ఎండలో గంటసేపు నిలబడ్డాక చూడాలి. ఏసీ, రేడియేటర్, ఫ్యాన్ మూడూ ఒకేసారి తేలిపోతాయి. సున్నం బట్టీల మధ్యా, నాపరాయి క్వారీల వైపూ తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిపించండి, కింద పడుకుని ఆయిల్ చాంబర్‌కు రాళ్ల దెబ్బలు తగిలాయా చూడండి. ఖరీదైన ప్యాంటు వేసుకెళ్లినవాడు కింద పడుకోడు. అమ్మేవాడికి ఆ సంగతీ తెలుసు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ దాకా ముంచేసింది. ఇళ్ల ముందున్న కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి కారును కడిగి, పాలిష్ పట్టి, సెంటు కొట్టి అమ్మకానికి పెడితే పైకి పెళ్లికొడుకే. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద చార కనిపించిందంటే ఆ కారు ఈదింది. కార్పెట్ ఎత్తి, సీటు కింది పట్టాలకు, స్టెప్నీ ఉండే గుంటకు తుప్పు ఉందా చూడండి. నీళ్లలో నానిన కారు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. దాని వైరింగు ఏ రోజు ఏ రోడ్డు మీద ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

మీటరును నమ్మకండి. వెనక్కి తిప్పడం చాలా చిన్న పని. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు అరిగి నున్నగా మెరుస్తుంటే, స్టీరింగ్ తోలు లేచిపోయి ఉంటే, మీటరులో 35 వేలు ఉండటం వింత. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గ్రిప్ ఎంత ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును లెక్కలోంచి తీసేయండి. డోర్ల బోల్టుల మీద పెయింటు చెదిరిందా, ఒక్క అద్దం మీద మాత్రమే తయారీ ఏడాది వేరుగా ఉందా చూడండి. టింకరింగ్ చేసి కొత్త రంగు కొట్టిన పాత బండికి "పైన పటారం, లోన లొటారం" అన్న మాట సరిగ్గా సరిపోతుంది. నిజాయితీగా గీతలున్న బండే నయం.

సీ బుక్కు చదవండి

ఇంజన్ తేడా వస్తే డబ్బుతో పోతుంది. కాగితం తేడా వస్తే డబ్బుతో పాటు మనశ్శాంతీ పోతుంది. అందుకే నా మటుకు నేను బండి కన్నా ముందు సీ బుక్కు అడుగుతాను. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్ గడువు, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్స్ ఉందా లేదా కనిపిస్తాయి. పెండింగ్ చలానాలు కూడా అప్పుడే చూసుకోండి. సీ బుక్కులో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 రాకుండా రూపాయి ఇవ్వకండి. "బాకీ అంతా కట్టేశాం, కాగితమే రావాలి" అంటే, కాగితం వచ్చాకే మాట్లాడుకుందాం అనండి. ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగి తర్వాత పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు వేసుకున్న బండేమో కూడా చూసుకోవాలి.

పాత ఇన్సూరెన్సు కాగితం చిన్న గూఢచారి. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్న కారుకు నో క్లెయిమ్ బోనస్ 50 శాతం అని ఉంటే ఆ ఓనరు ఐదేళ్లుగా క్లెయిమ్ చేయలేదన్నమాట. ఏటా ఫుల్ ఇన్సూరెన్సు కట్టిన కారుకు సున్నా ఉంటే ఈమధ్యే ఏదో జరిగింది. ఏం జరిగిందని అడగండి. సమాధానం కన్నా సమాధానం చెప్పే తీరు చూడండి.

మాచర్ల, దాచేపల్లి వాళ్లకు ఇంకో జాగ్రత్త. సాగర్ దాటినా, పొందుగల వంతెన దాటినా తెలంగాణ. హైదరాబాద్‌లో అదే మోడల్ 20, 30 వేలు తక్కువకు దొరుకుతుంది. టీఎస్ నంబరు బండి తెచ్చుకుంటే అక్కడి నుంచి ఫారం 28 ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్పించుకోవాలి. నరసరావుపేట రవాణా శాఖ కార్యాలయంలో ఆ మోడల్‌కు ఎంత పడుతుందో ముందే అడిగి వెళ్లండి. కొన్నిసార్లు మిగిలిందనుకున్నదంతా అక్కడే కట్టి వస్తాం. ఏపీ 09 అని ఉంది కదా, మన రాష్ట్రం బండే అనుకోవడం మరో పొరపాటు. అది 2014కు ముందు నాటి హైదరాబాద్ బండి. ఢిల్లీ నంబరు డీజిల్ కార్లు చవకగా రావడానికి కారణం వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లను తిప్పవద్దని కోర్టుల ఆదేశాలు వచ్చాయి, దాంతో అవి బయటి రాష్ట్రాలకు కదిలాయి. బండి మంచిదే కావచ్చు. ఎన్ఓసీ లేకుండా మాత్రం అది ఇనుమే.

సీ బుక్కులో ఉన్న మనిషిని కళ్లారా చూడండి. బ్రోకర్ దగ్గర సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు ఉంటాయి. ఆ సంతకం పెట్టిన ఆయన చనిపోయి ఉంటే ఆ ఫారాలు చెల్లవు, వారసులు ఫారం 31తో ముందు తమ పేరు మీదికి మార్చుకోవాలి. ఇలా చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ప్రమాదం జరిగినప్పుడు రికార్డులో ఎవరి పేరు ఉంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని తేల్చింది. అమ్మినవాడికి ఈ సంగతి చెప్పండి. పేరు మార్పిడి రేపు మాపు అంటున్న మనిషి ఆ సాయంత్రమే ఫారం 29, 30 మీద సంతకాలు పెడతాడు.

చవక ఎక్కడ దాక్కుంటుంది

అందరూ భయపడే చోట, ఆ భయానికి ఖరీదు తక్కువైనప్పుడు, చవక దొరుకుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఆపైన గ్రీన్ ట్యాక్స్. దీనికి భయపడి 15 ఏళ్లు నిండబోతున్న కారును చాలామంది చూడను కూడా చూడరు. ఇంజన్, బాడీ బాగున్న బండి అయితే అమ్మేవాడితో ఇలా అనండి: "రెన్యువల్ మీరే చేయించి ఇవ్వండి, పది వేలు ఎక్కువిస్తాను." ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్లు తిరిగే కారు మీ చేతికొస్తుంది. పాసవ్వకపోతే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన వాటి జోలికి వెళ్లకండి, 2025లో వాటి రెన్యువల్ ఫీజు పది వేలు చేశారు.

ఏ కంపెనీ కొనాలంటే నేను చెప్పేది ఒకటే: మీ ఊరి షెడ్డులో విప్పి బిగించగలిగేది. ఆల్టో, వ్యాగనార్, శాంత్రో, ఐ10, స్విఫ్ట్ సామాన్లు నరసరావుపేటలో దొరుకుతాయి. షెవర్లే 2017లో, ఫోర్డ్ 2021లో మన దేశంలో చేతులెత్తేశాయి కాబట్టి వాటి పాత కార్లు బాగా చవక. ఆ కంపెనీ బండ్లు చేసి చేసి చేయి తిరిగిన మెకానిక్ మీకు తెలిస్తేనే అవి లాభం. మూడు లక్షలకు పాత విదేశీ లగ్జరీ కారు వస్తోందని ఫోన్ చేసే కుర్రాళ్లకు ఒకటే మాట: కొనే ధర పాతబడుతుంది, స్పేర్ పార్టుల ధర పాతబడదు.

కొత్త కార్ల రేట్లు కూడా తెలుసుకుని వెళ్లండి. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మారుతి ఎస్‌-ప్రెసో షోరూం ధర మూడున్నర లక్షల దగ్గర మొదలైంది. ఆ తర్వాత కూడా ఏడేళ్ల ఆల్టోకు రెండు లక్షల ఎనభై వేలు చెబుతున్నాడంటే అతను పాత కాలెండరు చూస్తున్నాడు. ఇంకో సంగతి, 2023కు ముందు తయారైన పెట్రోల్ కార్లలో చాలావాటిని ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తగినట్టు చేయలేదు. ఇంధనం పైపులు, రబ్బరు వాషర్లు మార్పించే ఖర్చు బేరంలో కలుపుకోండి.

పాత కారులో ఎక్కడైనా సర్దుకోండి గానీ ప్రాణం దగ్గర వద్దు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10, ఫిగో, పోలో, నానో అన్నింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019లో గానీ తప్పనిసరి కాలేదు. అంతకు ముందు వాటిల్లో పై వేరియంట్లకు ఉండేవి. పదిహేను వేలు ఎక్కువైనా సరే, అలాంటిదే వెతకండి.

బేరం

బండి చూసిన రోజే బేరం తేల్చకండి. చూడటం ఒక రోజు, మాట్లాడటం ఇంకో రోజు. "ఇప్పుడే ఇంకొకరు వస్తున్నారు" అని ఫోన్ వస్తుంది. రానివ్వండి. ఆ ఇంకొకరు మీకన్నా తెలివైనవాళ్లయితే వాళ్లూ కొనరు. ఫోన్‌పే వచ్చాక జేబు ఖాళీగా ఉన్నా ప్రమాదమే, బయానా పది సెకన్లలో వెళ్లిపోతుంది. చూడటానికి వెళ్లే రోజు ఆ ఖాతాలో రెండు వేలకు మించి ఉంచకండి.

లోపాలను తిట్టినట్టు చెప్పకండి. కాగితం మీద రాసి ఆయన ముందే లెక్క వేయండి.

"అన్నా, నువ్వు లక్షా నలభై అంటున్నావు. టైర్లు నాలుగూ పోయాయి, పద్నాలుగు వేలు. బ్యాటరీ నాలుగు. ముందు షాక్ అబ్జార్బర్లు ఏడు. అవి బాగుంటే నీ రేటే ఇచ్చేవాణ్ని."

ఆ తర్వాత నోరు మూసుకోండి. బేరంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఎవరూ మాట్లాడని ఆ నిమిషం మనకు ఇబ్బందిగా అనిపించి, "సరేలే, ఇంకో ఐదు వేలు" అని మనమే అనేస్తాం. ఆగండి. ఆయన కుదరదంటే నమస్కారం పెట్టి రండి. రెండు రోజుల తర్వాత ఫోన్ వస్తే సరే, రాకపోతే ఇంకో కారు ఉంది. జిల్లాలో కార్లు తక్కువేమీ కాదు, మీ డబ్బు మాత్రం ఒక్కసారే ఖర్చవుతుంది.

కుదిరితే డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి, అమ్మినట్టు కాగితం రాయించుకుని, తేదీతో పాటు టైము కూడా వేయించండి. ఆ రోజు పొద్దున ఆయన కొట్టిన సిగ్నలు చలానా మీ మెడకు చుట్టుకోకుండా అదే కాపాడుతుంది. రెండు వారాల్లో ఇన్సూరెన్సు పేరు మార్పించండి. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బ్రేక్ ఆయిలు మొదటి వారంలోనే మార్చేయండి. పాత ఓనరు నిన్ననే మార్చానన్నా సరే.

డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టి ప్రతి ఆయిలు మార్పిడీ, ప్రతి బిల్లూ తేదీ, కిలోమీటర్లతో సహా రాయండి. నాలుగేళ్ల తర్వాత ఆ కారు అమ్ముకునేటప్పుడు మీటరు తిప్పారా అని మిమ్మల్ని ఎవరూ అడగరు, బేరం కూడా పుస్తకం చూపించని వాడి రేటు దగ్గర మొదలవదు.